మొహం చూసి దొంగను తేల్చొద్దు! సొమ్ము దాచినోణ్ని లెక్క అడుగుదాం!

అన్నలారా! అక్కలారా! మిర్చి కోతకు పోయే తల్లులారా! తునికాకు కట్టలు కట్టే చెల్లెళ్లారా! బొగ్గుబాయిలో కాంట్రాక్టు పని చేసే తమ్ముళ్లారా!

ఈ కాగితం మడిచి జేబులో పెట్టుకోకండి. ఇక్కడే, బస్టాండ్‌లోనే చదవండి. చదువు రాని పెద్దోళ్లకు చదివి వినిపించండి. తెలుగు అందనోళ్లకు కోయలో చెప్పండి. ఇది మన పైసల సంగతి. మన పిల్లల ఒంటి మీద పడే దెబ్బల సంగతి.

చర్ల రోడ్డులో ఒక గూడెం. పేరు రాయం. ఆ ఇంటి పరువు మనకు ముఖ్యం. మిర్చి అమ్మిన డబ్బులో లక్షా ఎనభై వేలు ఒక రైతు క్రిప్టో యాప్‌లో పెట్టాడు. టెలిగ్రాం గ్రూపులో ఎవరో చెప్పారు. ఆర్నెల్లలో రెట్టింపన్నారు. రైతుకు ఇంగ్లీషు రాదు. ఫోన్‌లో యాప్ ఎక్కించింది ఆయన మేనల్లుడు. పందొమ్మిదేళ్ల పిల్లాడు. ఇంటర్ పాసయ్యాడు. గూడెంలో ఎవరి ఫోన్ మొరాయించినా వాడి దగ్గరికే తెచ్చేవాళ్లు.

ఒక పొద్దున ఫోన్ తెరిస్తే సున్నా!

లక్షా ఎనభై వేలంటే ఏంటో మనకు తెలుసు. విత్తనం అప్పు. పురుగుమందు అప్పు. కోత కూలీలకు ఇవ్వాల్సింది. ఆడపిల్ల కాలేజీ ఫీజు. అన్నీ ఆ ఒక్క సున్నాలో కలిసిపోయాయి. ఆ ఇంట్లో ఆ రోజు పొయ్యి వెలగలేదు.

సాయంత్రానికి చింతచెట్టు కింద పంచాయితీ పెట్టారు. పిల్లాణ్ని నిలబెట్టారు. "ఎటు చూస్తున్నావురా? నా కళ్లలోకి చూడు" అన్నాడు పెద్దమనిషి. పిల్లాడు తల దించుకున్నాడు. "చూశారా! మొహం చూస్తే తెలుస్తలేదా?" అన్నారు చుట్టూ ఉన్నోళ్లు. అంతటితో ఆగలేదు. మంత్రించిన బియ్యం గుప్పెడు తెచ్చి నమలమన్నారు. నమిలాడు. ఉమ్మమన్నారు. ఉమ్మితే బియ్యం పొడిపొడిగా రాలింది. ఒక్క గింజ తడవలేదు. ఇంకేం! దొంగ దొరికాడు! వెదురుబెత్తం లేచింది.

అన్నా, ఒక్కసారి మనసు పెట్టి ఆలోచించు. భయపడ్డోడికి నోట్లో ఉమ్మి ఊరుతుందా? పులి ఎదురైనోడికి ఊరుతుందా? పరీక్ష హాల్లో కూర్చున్న మన బిడ్డకు ఊరుతుందా? ఊరదు! దొంగతనం చేసినా ఊరదు, చేయకపోయినా ఊరదు. ఊరంతా చుట్టుముట్టి దొంగా దొంగా అంటుంటే ఎవడి నోరు తడిగా ఉంటుంది? ఆ బియ్యం చెప్పింది ఒక్కటే: పిల్లాడు భయపడ్డాడని. ఆ సంగతి బియ్యం లేకుండానే అందరికీ కనిపిస్తోంది.

ఇప్పుడు ఎవరూ అడగని మాట వినండి. ఫోన్‌లో మెసేజ్ ఉంది. డబ్బు పోయింది రాత్రి 2 గంటల 14 నిమిషాలకు. ఆ రాత్రి పిల్లాడు ఎక్కడున్నాడు? మిర్చి కల్లంలో, రాశి దగ్గర కావలి. ఆ కల్లంలో ఏ సిమ్ముకూ సిగ్నల్ రాదు. ఎవరితోనన్నా ఫోన్ మాట్లాడాలంటే అర కిలోమీటరు నడిచి గుట్ట ఎక్కాలి. ఈ సంగతి ఊళ్లో చిన్నపిల్లాడికీ తెలుసు! పక్కనే కావలి పడుకున్న ఇద్దరు మనుషులూ ఉన్నారు. ఒక్కరన్నా వాళ్లను పిలిచి అడిగారా? ఒక్కరన్నా ఆ మెసేజ్‌లో టైం చూశారా? అందరూ మొహం చూశారు. మెసేజ్ ఎవరూ చూడలేదు!

ఆ పిల్లాడు ఇప్పుడు చింతూరు అవతల చుట్టాలింట్లో ఉన్నాడు. ఊరికి రావాలంటే వణుకుతున్నాడు.

ఇది ఒక్క గూడెం తప్పు అనుకుంటున్నారా? పట్నంలో బూట్లు వేసుకున్నోళ్లూ ఇదే చేస్తున్నారు. స్టేషన్‌లో కుర్చీ వేసుకుని కూర్చున్నోళ్లూ ఇదే చేస్తున్నారు. "ఇరవై ఏళ్ల సర్వీసు నాది, మొహం చూస్తే చెప్పేస్తా" అనే మాట మనం ఎన్నిసార్లు వినలేదు! ఆ మాటకు ఆధారం ఏంటి? 2006లో ఇద్దరు అమెరికా పరిశోధకులు, బాండ్, డిపౌలో అనేవాళ్లు, అంతకుముందు జరిగిన పరీక్షలన్నీ పోగేసి లెక్క తేల్చారు. వేల మంది మనుషులు ఎదుటివాడు చెప్పేది నిజమా అబద్ధమా అని చూసి చెప్పిన లెక్క అది. నూటికి 54 సార్లు సరిగ్గా చెప్పారు. అంతే! నాణెం ఎగరేస్తే నూటికి 50 వస్తుంది. ఇరవై ఏళ్ల సర్వీసుకు, నాణేనికి తేడా నూటికి నాలుగు! అనుభవం ఉన్న పోలీసులు మామూలు మనుషుల కంటే మెరుగ్గా చెబుతారన్నదీ ఆ లెక్కల్లో నిలబడలేదు.

అమెరికా సర్కారు ఇంకా పెద్ద ఎత్తున నమ్మింది. విమానాశ్రయాల్లో మొహాలు, వాలకం చూసి దొంగల్ని పట్టే మనుషుల్ని 2007 నుంచి పెట్టుకుంది. దాదాపు 90 కోట్ల డాలర్లు పోసింది. 2013లో వాళ్ల సొంత ఆడిట్ సంస్థే లేచి చెప్పింది: ఈ పద్ధతి పనిచేస్తుందనడానికి రుజువు లేదు, దీనికిచ్చే డబ్బు తగ్గించండి అని. అంత డబ్బు, అంత శిక్షణ ఉన్నోళ్లకే మొహంలో అబద్ధం దొరకలేదు. చింతచెట్టు కింద మనకు దొరుకుతుందా?

మన ఏజెన్సీ పిల్లల మొహం సంగతి వేరే చెప్పాలి. పెద్దోళ్ల ముందు కళ్లెత్తి చూడొద్దని మనమే నేర్పాం. అది మర్యాద. ఆ మర్యాదే స్టేషన్‌లో తప్పు చేసినట్టు కనిపిస్తుంది! కోయలో ఆలోచించి తెలుగులో జవాబు చెప్పాలంటే ఒక్క క్షణం పడుతుంది. ఆ ఒక్క క్షణాన్ని "తడబడ్డాడు" అని రాసుకుంటారు. అడవి నుంచి వచ్చినోడికి ఖాకీ బట్టలు చూస్తే చెమట పడుతుంది. ఎందుకు పడదు? చెక్‌పోస్టులో ఎన్నిసార్లు ఆపలేదు? సంచిలో ఇప్పపువ్వు ఉన్నా దించి వెతకలేదా? ఆ చెమట దొంగతనం చేసిన చెమటా, ఏళ్ల తరబడి దాచుకున్న భయం చెమటా? మొహం మీద ఆ రెండూ ఒక్కలాగే ఉంటాయి!

2023 మెదక్ గుర్తుందా? గొలుసు దొంగతనం. సీసీ కెమెరాలో కనబడ్డ మనిషిలా ఉన్నాడని ఒక కూలీ మనిషిని జనవరి చివర్లో పట్టుకెళ్లారు. కొద్దిరోజులు ఉంచుకుని వదిలేశారు. ఆయన ఆసుపత్రి మంచం మీద నుంచి, నన్ను కొట్టారు అని వీడియోలో చెప్పాడు. ఫిబ్రవరిలో గాంధీ ఆసుపత్రిలో ప్రాణం పోయింది. హైకోర్టు తనంతట తానే ఆ కేసు తీసుకుంది. భార్యాపిల్లలున్న మనిషి. మొహం పోలిక ఎంత పని చేసిందో చూడండి!

మిషన్ పెడితే నిజం తెలుస్తుందంటారు కొందరు. లై డిటెక్టర్ అంటారు. ఆ మిషన్ కొలిచేది ఏంటి? బీపీ, ఊపిరి, చెమట. అబద్ధాన్ని కొలిచే మిషన్ ఇంకా పుట్టలేదు. అది బియ్యం పరీక్షకు కరెంటు పెట్టినట్టు. 2010 మే 5న సుప్రీంకోర్టు సెల్వి కేసులో గట్టిగా చెప్పింది: మనిషి ఒప్పుకోకుండా లై డిటెక్టర్ పెట్టకూడదు, నార్కో సూది వేయకూడదు, మెదడు పరీక్ష చేయకూడదు. తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పమని ఎవర్నీ బలవంతం చేయకూడదన్న రాజ్యాంగం 20(3) మాట అది. ఒప్పుకుని పెట్టించుకున్నా ఆ ఫలితం ఒక్కటే సాక్ష్యంగా చెల్లదు. మిషన్‌తోనే తేల్చకూడదని సుప్రీంకోర్టు అంటే, బెత్తంతో తేల్చడానికి మనమెవరం?

ఇప్పుడు ఆ రైతు ఫోన్ దాటి, ఇంకా పెద్ద దొంగతనం దగ్గరికి వద్దాం.

2024 జులై 18. వజీర్‌ఎక్స్ అనే క్రిప్టో ఎక్స్ఛేంజీ, అంటే కాయిన్లు కొని, అమ్మి, దాచుకునే అంగడి. మన దేశంలో పెద్ద పేరు. మన జిల్లాల కుర్రాళ్ల ఫోన్లలోనూ ఉన్న యాప్. ఆ ఒక్క రోజు 23 కోట్ల డాలర్లకు పైగా పోయింది. మన లెక్కలో సుమారు 2,000 కోట్ల రూపాయలు! ఎలా పోయింది? ఇది జాగ్రత్తగా వినండి, ఎందుకంటే ఇదీ మొహాన్ని నమ్మిన కథే.

వజీర్‌ఎక్స్ సొమ్ము దాచిన పెద్ద వాలెట్‌కు ఆరు తాళాలున్నాయి. ఐదు వజీర్‌ఎక్స్ వాళ్ల దగ్గర. ఒకటి లిమినల్ అనే కాపలా కంపెనీ దగ్గర. సొమ్ము కదలాలంటే వజీర్‌ఎక్స్ వాళ్లలో ముగ్గురు సంతకం పెట్టాలి, ఆ పైన లిమినల్ ఒప్పుకోవాలి. ఆ రోజు సంతకాలు పెట్టినోళ్లకు స్క్రీన్ మీద ఒకటి కనబడింది. సంతకం పడింది ఇంకోదాని మీద! తెర మొహం మామూలుగా ఉంది. తెర వెనకాల తాళాలే దొంగ చేతికి పోయాయి. ఇది వజీర్‌ఎక్స్ కంపెనీ తనే చెప్పిన మాట. 2025 ఫిబ్రవరి 21న బైబిట్ అనే ఇంకో ఎక్స్ఛేంజీలో ఇదే రకంగా 150 కోట్ల డాలర్లు పోయాయి. అక్కడా స్క్రీన్ మీద అంతా సరిగ్గానే కనబడింది. కంపెనీల్లో చదువుకున్నోళ్లే తెర మొహం చూసి మోసపోతే, మన పిల్లాడి మొహం చూసి మనం నిజం పట్టేస్తామా?

మరి పోయిన సొమ్ముకు ఎవరు జవాబుదారీ?

వజీర్‌ఎక్స్ అంది: తప్పు లిమినల్ వైపు ఉంది. లిమినల్ అంది: మా వైపు ఏం తప్పులేదు, వాళ్ల మిషన్లే చెడ్డాయి. అసలు కంపెనీ ఎవరిది అంటే, మాది కాదని బైనాన్స్ అనే ఇంకో ఎక్స్ఛేంజీ 2022 నుంచీ అంటూనే ఉంది. దొంగ ఎవరు? 2025 జనవరి 14న జపాన్‌తో కలిసి ఇచ్చిన ప్రకటనలో అమెరికా, దక్షిణ కొరియా ఉత్తర కొరియా హ్యాకర్లని తేల్చాయి. దొరికింది ఎవరు? ఢిల్లీ పోలీసులు పశ్చిమ బెంగాల్ నుంచి ఒక మనిషిని పట్టుకొచ్చారు. వేరేవాడి పేరుతో ఖాతా తెరిచి టెలిగ్రాంలో అమ్మాడని కేసు. ఆ ఖాతా వాడుకున్న పెద్ద దొంగ సముద్రాల అవతల ఉన్నాడు. ఖాతా అమ్మినోడు కటకటాల వెనక్కి పోయాడు. తమ్ముళ్లారా, ఈ వరస బాగా గుర్తుపెట్టుకోండి! మళ్లీ దీని దగ్గరికి వస్తాం.

వజీర్‌ఎక్స్ మొదట ఏం ప్రతిపాదించింది? దొంగలు ఎత్తుకెళ్లింది మొత్తంలో దాదాపు 45 శాతం. కాబట్టి అందరికీ 55 శాతమే చేతికిస్తాం, మిగిలిన 45 శాతం తాళం వేసి పెడతాం అంది. ఎవడి కాయిన్ పోయిందో, ఎవడిది పోలేదో చూడకుండా! జనం మండిపడ్డారు. ఆ మాట వెనక్కి పోయింది. ఆ పైన కేసు ఎక్కడికి పోయింది? సింగపూర్! ఖమ్మం మిర్చి రైతు కొడుకు సింగపూర్ హైకోర్టు కేసులో తన పైసల కోసం ఆన్‌లైన్‌లో ఓటు వేయాల్సొచ్చింది. ట్రేడింగ్ మళ్లీ తెరిచింది 2025 అక్టోబర్ 24న. పదిహేను నెలలు! ఆ పదిహేను నెలల్లో ఎన్ని పెళ్లిళ్లు ఆగాయి, ఎన్ని ఫీజులు ఆగాయి, వడ్డీ ఎంత పెరిగింది?

మనకు తెలిసిన లెక్కలో చూడండి. కల్లంలో మనం తునికాకు ఇస్తాం. కట్టకు 50 ఆకులు. వెయ్యి కట్టలు ఒక సంచి. కల్లేదారు లెక్కపెట్టి, కార్డులో రాసి తీసుకుంటాడు. రాత్రి కల్లంలో కట్టలు ఎవడో ఎత్తుకెళ్లాడనుకోండి. పొద్దున కల్లేదారు వచ్చి, "అందరికీ సగమే ఇస్తా, కార్డులో మిగతాది కొట్టేస్తున్నా" అంటే ఊరుకుంటారా? కల్లం ఎవడి కావలిలో ఉంది అని అడగరా? ఆకు చేతికిచ్చిన క్షణం నుంచి బాధ్యత ఎవడిది?

ఖమ్మం కోల్డ్ స్టోరేజీలో మన మిర్చి బస్తాలు పెడతాం. బస్తా మీద మన గుర్తు ఉంటుంది. చేతికి బాండు ఇస్తారు. పక్క రైతు బస్తాలు తగలబడితే మన బస్తాల్లోంచి కోసి ఆయనకు ఇస్తారా? మన గుర్తున్న బస్తా మనది! ఇదే మాట మద్రాస్ హైకోర్టు చెప్పింది. చెన్నైలో ఒక మహిళ వజీర్‌ఎక్స్‌లో ఎక్స్‌ఆర్‌పీ అనే కాయిన్లు 3,532 చిల్లర కొనుక్కుంది. దొంగలు ఎత్తుకెళ్లింది వేరే రకం కాయిన్లు. అయినా ఆమెవీ ఆపేశారు. ఆమె కోర్టుకెళ్లింది. 2025 అక్టోబర్‌లో జస్టిస్ ఎన్. ఆనంద్ వెంకటేశ్ తీర్పిచ్చారు. క్రిప్టో చేత్తో పట్టుకునేది కాకపోయినా, అది చెల్లే నోటు కాకపోయినా, అది ఆస్తే అన్నారు. మనిషి సొంతం చేసుకోగల ఆస్తి, నమ్మి ఇంకొకరి దగ్గర దాచగల ఆస్తి అన్నారు. డబ్బు చెన్నై బ్యాంకు నుంచి కట్టింది కాబట్టి ఇక్కడి కోర్టు వినొచ్చన్నారు. ఆమె సొమ్ముకు రక్షణ ఇచ్చారు.

ఆ తీర్పు మన చేతికి దొరికిన గొడ్డలి! ఆస్తి అంటే దొంగతనం అనే మాట వర్తిస్తుంది. నమ్మి దాచింది అంటే దాచినోడు జవాబు చెప్పాలి. "అది గాల్లో సరుకు, కేసు ఏముంటది పోండి" అని ఇకమీదట ఏ స్టేషన్‌లో చెప్పినా ఈ తీర్పు పేరు చెప్పండి.

నష్టం కంపెనీయే భరించే దారి లేదా అంటే ఉంది! 2025 జులై 19న కాయిన్‌డీసీఎక్స్ అనే ఎక్స్ఛేంజీలో 4.4 కోట్ల డాలర్లు పోయాయి. నష్టం మా ఖజానా నుంచి మేమే భరిస్తాం, కస్టమర్ల సొమ్ము జోలికి రాం అని ఆ కంపెనీ ప్రకటించింది. ఒకరికి సాధ్యమైంది ఇంకొకరికి ఎందుకు కాదు? చట్టం గట్టిగా చెప్పలేదు కాబట్టి! వాళ్ల దయ మీద ఆధారపడాల్సి వస్తోంది కాబట్టి! బ్యాంకు మునిగితే మన డిపాజిట్‌కు 5 లక్షల దాకా ఇన్సూరెన్స్ ఉంది. క్రిప్టోకు ఏముంది? ఏమీ లేదు! పన్ను మాత్రం ఉంది. లాభం మీద 2022 ఏప్రిల్ నుంచి 30 శాతం. అమ్మిన ప్రతిసారీ 1 శాతం టీడీఎస్. ఒక కాయిన్‌లో పోయిన నష్టాన్ని ఇంకో కాయిన్ లాభంలో తగ్గించుకోనివ్వరు. ముప్పై శాతం పంచుకునే సర్కారుకు, మన సొమ్ము కాపాడే పూచీ అక్కర్లేదా? పన్ను తీసుకునే చేత్తోనే పూచీ రాసివ్వాలి!

మనం భద్రాద్రి గుడి గంట వింటూ బతికేవాళ్లం. ఖజానా సొమ్ముకు లెక్క చెప్పలేదని పాల్వంచ తహసీల్దారు గోపన్నను గోల్కొండ చెరసాలలో పన్నెండేళ్లు పెట్టారని మన తాతలు చెప్పగా విన్నాం. గుడి కట్టినోణ్ని కూడా లెక్క అడిగిన నేల ఇది. అలాంటి నేల మీద, మన సొమ్ము దాచి పోగొట్టిన కంపెనీని లెక్క అడగలేమా?

ఒకటి కలిపి చూడండి. పైన కంపెనీకి ఒక న్యాయం. నువ్వా నేనా అని నెలల తరబడి వాదించుకోవచ్చు. లాయర్లుంటారు. ఎవరూ వాళ్ల మొహంలోకి చూసి బియ్యం నమలమనరు. కింద మన పిల్లాడికి ఇంకో న్యాయం. ఒక్క సాయంత్రంలో తీర్పు, ఆ రాత్రికే దెబ్బలు. పైసలు మాత్రం తిరిగి రాలేదు! ఎందుకంటే వాణ్ని నిలబెట్టి కొడుతున్న నాలుగు గంటల్లో సొమ్ము నాలుగు దేశాలు దాటగలదు. మొహం చూస్తూ కూర్చున్నంతసేపూ అసలు దొంగకు మనమే దారి ఇచ్చాం.

అందుకే అక్కా, అన్నా, పైసలు పోయిన క్షణం చేయాల్సింది 1930కి ఫోన్! పంచాయితీ కాదు! మొదటి గంట బంగారం. డబ్బు ఇంకా బ్యాంకు ఖాతాల్లో ఉండగా ఆపితే దొరికే ఆశ ఉంది. కాయిన్‌గా మారి బయటికి పోతే పట్టుకోవడం చాలా కష్టం. గుట్ట ఎక్కి సిగ్నల్ పట్టుకునైనా చేయండి. మెసేజ్‌లు చెరపొద్దు. లావాదేవీ నంబరు, వాలెట్ అడ్రస్, టెలిగ్రాంలో వాడు పెట్టిన మాటలు, అన్నీ ఫొటో తీసి ఇంకో ఫోన్‌లోకి పంపి పెట్టండి. ఆ టైం, ఆ నంబరు అబద్ధమాడవు. వాటికి భయం లేదు, చెమట లేదు.

తర్వాత స్టేషన్. ఇక్కడ మనకు పెద్ద గోస ఉంది. మనది మూడు రాష్ట్రాల సరిహద్దు. 2014లో చింతూరు, కూనవరం, వీఆర్ పురం ఆంధ్రలోకి పోయాయి. మేనమామ ఇల్లు ఆ రాష్ట్రం, మన ఇల్లు ఈ రాష్ట్రం, కోంట సంత ఛత్తీస్‌గఢ్. ఏ స్టేషన్‌కు పోయినా "మా పరిధి కాదు" అంటారు. చర్ల నుంచి భద్రాచలం దాదాపు 60 కిలోమీటర్లు, రానుపోను కూలి పోయె, చార్జీలు పోయె! ఈ మాట ఇక చెల్లదు. 2024 జులై 1 నుంచి వచ్చిన కొత్త చట్టం, బీఎన్‌ఎస్‌ఎస్ 173 సెక్షన్, ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలంటుంది. జీరో ఎఫ్‌ఐఆర్ అనండి, వాళ్లకు అర్థమవుతుంది. దొంగతనం లాంటి కేసుల్లో ఎఫ్‌ఐఆర్ రాయక తప్పదని 2013లోనే సుప్రీంకోర్టు లలిత కుమారి కేసులో చెప్పింది. కాపీ పైసా ఖర్చు లేకుండా ఇవ్వాలి. రాయనంటే ఎస్పీకి పోస్టులో పంపండి. రసీదు దాచండి.

మన పిల్లాణ్ని పిలిస్తే? ఒంటరిగా పంపొద్దు. పదిమంది కలిసి వెళ్లండి. ఎందుకు పట్టుకున్నారో చెప్పాలి, ఇంట్లోవాళ్లకు తెలపాలి, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. సాక్షిగా విచారించాలంటే ఆడోళ్లను, పదిహేనేళ్లలోపు పిల్లల్ని, అరవై దాటిన మగోళ్లను స్టేషన్‌కు రమ్మనకూడదు. ఇంటికే వచ్చి అడగాలి. ఆదివాసీలకు, దళితులకు, ఆడోళ్లకు ఉచితంగా లాయర్ ఇవ్వాలని 1987 చట్టం ఉంది. 15100కు ఫోన్ చేయండి. తెలుగు తడబడే పిల్లాడికి కోయ తెలిసిన మనిషిని పక్కన కూర్చోబెట్టమని గట్టిగా అడగండి. వాడు కోయలో చెప్పింది కోయలోనే వినాలి!

పెద్దమనుషులకు ఒక విన్నపం. మీ మీద కోపంతో రాయట్లేదు. ఊరి తగాదాలు మీరు తీర్చబట్టే ఎన్నో ఇళ్లు నిలబడ్డాయి. గట్టు తగాదాలో హద్దురాయి చూస్తారు కదా? పోడు పంచాయితీలో పట్టా చూస్తారు కదా? ఇక్కడా అదే చేయండి. మెసేజ్ చూడండి, టైం చూడండి, ఎవరు ఎక్కడున్నారో అడగండి. బియ్యం, బెత్తం పక్కన పెట్టండి. ఆ పిల్లాడు మీ ఇంటి పిల్లాడే!

కుర్రాళ్లకు ఇందాక ఆపిన మాట. "నీ బ్యాంకు ఖాతా, ఏటీఎం, సిమ్ము ఇవ్వు, నెలకు ఐదు వేలిస్తాం" అని తిరుగుతున్నారు. ఉద్యోగం లేని తమ్ముడికి ఐదు వేలంటే ఆశే. మీ ఆకలి మాకు తెలుసు. కానీ ఢిల్లీ పోలీసులు బెంగాల్ నుంచి పట్టుకొచ్చిన ఆ మనిషిని గుర్తు తెచ్చుకోండి. దొంగసొమ్ము మీ పేరు మీద నడుస్తుంది. పోలీసు వచ్చేది మీ గడపకే. ఇచ్చినోడికి ఆధార్ ఉంది, అడ్రస్ ఉంది. తీసుకున్నోడికి టెలిగ్రాం పేరు తప్ప ఏం లేదు. ఇవ్వొద్దు! ఇప్పటికే ఇచ్చినోళ్లు ఉంటే భయపడి దాక్కోవద్దు. ముందే వచ్చి చెప్పండి, లాయర్‌ను పెట్టుకుని రాసిద్దాం. వాలెట్‌కుండే పన్నెండు పదాల తాళంచెవి కన్నతల్లికి కూడా చెప్పొద్దు. ఓటీపీ సంగతి సరే, మీకు తెలుసు.

ఇంకో మాట సూటిగా చెప్పాలి. టెలిగ్రాంలో ఆర్నెల్లకు రెట్టింపు అనేవాడు ఎక్స్ఛేంజీ కానే కాదు. వాడు దాచేవాడు కాదు, దోచేవాడు. 2024లో నిర్మల్ జిల్లాలో యూబిట్ కాయిన్ పేరుతో జనాన్ని చేర్పించారని పోలీసులు అరెస్టు చేసిన వాళ్లలో ప్రభుత్వ టీచర్లు కూడా ఉన్నారు. చెప్పినోడు సార్ అని నమ్మారు. అక్కడా మొహమే చూశారు! నమ్మకమైన మొహం, నీట్‌గా ఇస్త్రీ చొక్కా. మొహం చూసి నమ్మడం, మొహం చూసి అనుమానించడం, ఈ రెండూ మన కొంపే ముంచాయి.

మనం అడిగేది ఇది. కస్టమర్ సొమ్ము దాచే ప్రతి ఎక్స్ఛేంజీ ఈ దేశంలో జవాబు చెప్పాలి. దొంగతనం జరిగితే ముందు కంపెనీ ఖజానా, ఆ తర్వాతే మా జేబు. కేసు మన కోర్టులో, మన భాష వినే కోర్టులో నడవాలి. భద్రాచలంలో కోయ తెలిసిన మనిషితో సైబర్ ఫిర్యాదుల గది కావాలి. ఏ స్టేషన్‌లోనూ, ఏ పంచాయితీలోనూ మొహం సాక్ష్యం కాకూడదు.

వచ్చే సంత రోజు పొద్దున్నే రండి. మీ మండలం సంతలోనే, తహసీల్దారు ఆఫీసు ముందు. క్రిప్టోలో, లోన్ యాప్‌లో, ఏ యాప్‌లో పైసలు పోయినా కాగితాలు పట్టుకురండి. ఫోన్ చార్జింగ్ పెట్టుకురండి. చదువుకున్న పిల్లలు నాలుగు పెన్నులు, తెల్ల కాగితాలు తీసుకురండి. అక్కడే కూర్చుని ఒక్కొక్కరి ఫిర్యాదు రాద్దాం. అందరం కలిసి స్టేషన్‌కు నడుద్దాం. కూలి పోతుందని ఆగొద్దు. ఒక్క పూట కూలి పోతే పోయింది!

చింతూరు అవతల ఉన్న పిల్లాణ్ని ఆ రోజు తీసుకొస్తున్నాం. వాళ్ల మేనమామ కూడా వస్తానన్నాడు. ఆ మెసేజ్ ఉన్న ఫోన్ తనే తెస్తానన్నాడు. కల్లంలో కావలి పడుకున్న ఇద్దరూ సంతకం పెడతామన్నారు. పిల్లాడు ఒక్కటే అడిగాడు: "అందరూ నన్నే చూస్తారేమో?" అని. చూడొద్దు. వాడి పక్కన చోటు చూసుకుని కూర్చోండి. రాసేది వాడే రాస్తాడు, మన అందరి ఫిర్యాదులు. గూడెంలో వాడి చేతిరాతే అందరికంటే గుండ్రంగా ఉంటుంది.